లేహ్‌లో మూడు రాత్రులు ఆగండి, ఆ తర్వాతే మార్ఖా లోయ

ప్రశ్న: నాకు 49 ఏళ్లు, ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం. బెంగళూరులో పనిచేసే మా అమ్మాయి (26) ఆగస్టు చివర్లో లదాఖ్‌లోని మార్ఖా లోయ ట్రెక్‌కి మా ఇద్దరికీ డబ్బు కట్టేసింది. గైడ్ ఉంటాడట, రాత్రుళ్లు దారిలో ఊళ్లలో ఎవరో ఒకరి ఇంట్లో బస, ఒక్క రాత్రి మాత్రం టెంట్. మొత్తం ఏడు రోజులు. మొదటి రోజు విమానంలో లేహ్, రెండో రోజు పొద్దున్నే చిల్లింగ్ దాకా బండి, అక్కడి నుంచి నడక మొదలు. స్కియు, మార్ఖా, హంకర్, నిమాలింగ్‌లలో ఒక్కో రాత్రి, ఆరో రోజు కాంగ్మారు లా కనుమ దాటి లేహ్, ఏడో రోజు తిరుగు విమానం. తిరుమల మెట్లు రెండుసార్లు ఎక్కాను, అంతకుమించి నాకు కొండలు తెలియవు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. మాంసం తినను. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇంట్లో పడుకోవడం, స్నానం, బాత్రూమ్ తలుచుకుంటేనే ఇబ్బందిగా ఉంది. అమ్మాయిని అడిగితే "ఏం కాదమ్మా" అంటోంది. వెళ్లాలని మాత్రం చాలా ఉంది. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: వెళ్లండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి మాట్లాడతాను, ఎందుకంటే అన్ని భయాల మధ్య మీరు రాసిన ఆ చివరి మాట చదివాక మిమ్మల్ని ఆపాలని నాకు అనిపించలేదు. 49 ఏళ్ల వయసులో, అదుపులో ఉన్న బీపీతో, గైడ్ తోడుగా మార్ఖా నడవొచ్చు. నేను 53 ఏళ్లకు నడిచాను. కానీ మీకు ఇచ్చిన ఆ ఏడు రోజుల ప్లాన్‌తో మాత్రం వెళ్లకండి. బట్టలు, బూట్లు, తిండి, బాత్రూమ్ అన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఈ ప్లాన్ మారాలి.

ఎందుకో చెబుతాను. ఖమ్మం సముద్రమట్టానికి వంద మీటర్ల చిల్లర ఎత్తులో ఉంటుంది. ఆంధ్రాలో తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్ల లోపే. లేహ్ 3,500 మీటర్లు. ఢిల్లీలో విమానం ఎక్కి గంటన్నరలో అక్కడ దిగిపోతారు, ఒంటికి ఏం జరిగిందో అర్థమయ్యే లోపు మీరు హోటల్ గదిలో ఉంటారు. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా ఇక్కడా ఒకటే, కానీ ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గిపోతుంది కాబట్టి ఒక్కో శ్వాసకు లోపలికి వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది. లేహ్‌లో మనకు ఇక్కడ దొరికే దానిలో మూడింట రెండొంతులే దొరుకుతుంది. కాంగ్మారు లా 5,200 మీటర్లకు పైన ఉంది, అక్కడ సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఒళ్లు దీనికి అలవాటు పడుతుంది, శ్వాస వేగం పెంచుకుంటుంది, రక్తాన్ని సర్దుకుంటుంది, కానీ దానికి రోజులు పడతాయి. కండబలం ఎంత ఉన్నా ఆ రోజులు తగ్గవు.

ఎత్తు ప్రదేశాల వైద్యం తెలిసిన డాక్టర్లు అందరూ చెప్పే లెక్క ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు అదే ఎత్తులో ఆగాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగినా ఫర్వాలేదు, పడుకునే చోటే లెక్క. ఇప్పుడు మీ ప్లాన్‌ను దీనితో పోల్చి చూడండి. లేహ్‌లో ఒక్క రాత్రి. ఆ తర్వాత స్కియు లేహ్ కంటే కొంచెం దిగువనే, మార్ఖా ఊరు సుమారు 3,800, హంకర్ సుమారు 4,000, ఇంతవరకూ బాగానే ఉంది. హంకర్ నుంచి మర్నాటి రాత్రికి నిమాలింగ్, అది 4,700 మీటర్లు దాటుతుంది. ఒక్క రోజులో 700 మీటర్ల పైచిలుకు. ఆ మర్నాడు పొద్దున్నే కనుమ. మార్ఖా దారిలో మనుషులు కూలబడేది ఎక్కువగా ఆ నిమాలింగ్ రాత్రే, ఎందుకంటే అప్పటిదాకా సాఫీగా సాగిన నడక అందరికీ ధైర్యం ఇచ్చేసి ఉంటుంది.

కాబట్టి ఈ వారంలోనే ఆ కంపెనీకి ఫోన్ చేసి రెండు మార్పులు అడగండి. లేహ్‌లో మూడు రాత్రులు, హంకర్‌లో రెండు రాత్రులు. హంకర్‌లో రెండో రాత్రి వద్దంటే హంకర్‌కీ నిమాలింగ్‌కీ మధ్యలో తాచుంగ్‌త్సే అనే చోట టెంట్ వేసుకోవచ్చు, అది సుమారు 4,200. మొత్తం పది రోజులవుతుంది. విమానం టికెట్ల తేదీలు మార్చాలి, మీ ఇద్దరి సెలవులూ పెరగాలి, కొంత డబ్బు అదనంగా అవుతుంది, నాకు తెలుసు. సెలవు దొరకకపోతే ఇంకో దారి ఉంది, నా మనసుకు అదీ మంచి దారే: లేహ్‌లో మూడు రాత్రులు ఆగి, కాంగ్మారు లా వదిలేసి, హంకర్ దాకా వెళ్లి అదే లోయలో వెనక్కి వచ్చేయండి. కనుమ దాటకపోతే ట్రెక్ చేసినట్టే కాదని మీ అమ్మాయి అనొచ్చు. కానీ ఆ లోయలో చూడాల్సింది ఏటి ఒడ్డున పచ్చటి బార్లీ పొలాలు, ఎర్రటి కొండల మీద పాత కోటలు, మఠాలు, ఊళ్లు, మనుషులు. అవన్నీ హంకర్ లోపే ఉన్నాయి.

కంపెనీ వాళ్లు "మేం ఏటా ఇలాగే తీసుకెళ్తాం, ఎవరికీ ఏం కాలేదు" అంటే ఆ కంపెనీ మార్చేయండి, అడ్వాన్స్ పోయినా సరే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేను దీన్ని అనుభవించాను. నేను మొదటిసారి లేహ్ వెళ్లినప్పుడు, మమ్మల్ని తీసుకెళ్లిన సంస్థ దిగిన మర్నాడే జీపుల్లో 5,000 మీటర్లకు పైనున్న ఒక కనుమకు ఫొటోల కోసం తీసుకెళ్లింది. పొద్దున లేచినప్పటి నుంచే నాకు తల బరువుగా ఉంది, టిఫిన్ సహించలేదు. బండిలో అందరూ హుషారుగా ఉన్నారు, నా ఒక్కదాని వల్ల అందరి ప్రయాణం ఆగిపోతుందేమోనని నోరు మెదపలేదు. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి, రాత్రికి మంచం మీద లేచి కూర్చోలేకపోయాను, ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టారు. మిగిలిన మూడు రోజులూ గది దాటలేదు. ఆ సంస్థ తొందరపడింది, ఆ తప్పు వాళ్లది. అయితే పొద్దున్నే నేను "తల నొప్పిగా ఉంది, ఇవాళ నేను రాను" అని ఉంటే అంత దూరం వచ్చేది కాదు. మనలో చాలామంది ఆడవాళ్లకు ఈ అలవాటు ఉంటుంది, ఒంట్లో జ్వరం ఉన్నా అందరికీ వండిపెట్టాకే ఆ మాట బయటికి చెబుతాం. దయచేసి ఆ అలవాటును ఖమ్మంలోనే వదిలి బయలుదేరండి. తల నొప్పిగా ఉన్నా, వికారంగా ఉన్నా, అన్నం సహించకపోయినా వెంటనే గైడ్‌కి చెప్పండి. తలనొప్పి తగ్గేదాకా ఇంకొంచెం కూడా పైకి వెళ్లకూడదు.

నిజానికి మీకంటే మీ అమ్మాయి గురించే నాకు ఎక్కువ టెన్షన్. మీరు నెమ్మదిగా నడుస్తారు, ఆగుతారు, భయం ఉంది కాబట్టి జాగ్రత్తగా ఉంటారు. 26 ఏళ్ల పిల్ల, "ఏం కాదమ్మా" అనే పిల్ల, దిగిన రోజే లేహ్ బజారంతా తిరిగేసి సాయంత్రం శాంతిస్తూపం మెట్లు ఎక్కేస్తుంది. వయసులో ఉన్నవాళ్లకు, రోజూ వ్యాయామం చేసేవాళ్లకు కూడా ఎత్తు దెబ్బ తగులుతుంది, కాళ్లు సహకరిస్తాయి కాబట్టి వాళ్లు తొందరగా పైకి పోతారు, అక్కడే చిక్కు. మొదటి రోజంతా ఇద్దరూ గదిలో పడుకోండి, టీ తాగండి, కిటికీలోంచి కొండలు చూడండి. రెండో రోజు ఊళ్లో చదునుగా ఉన్న చోట ఒక గంట నడక. మూడో రోజు కావాలంటే మెట్లు. నేను చెప్పానని చెప్పండి, నాలుగు తిట్లు నన్నే తిట్టుకుంటుంది.

మన పిల్లలిద్దరు, నిజామాబాద్ జిల్లా నుంచి పూర్ణ, మీ ఉమ్మడి ఖమ్మం జిల్లా నుంచే ఆనంద్, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు కదా. భువనగిరి గుట్ట మీద మొదలైన వాళ్ల శిక్షణ డార్జిలింగ్‌కీ, లదాఖ్‌కీ వెళ్లింది. ఎత్తుకు, చలికి అలవాటు పడటం ఇంటి దగ్గర కుదిరే పని కాదు కాబట్టే అంత దూరం తీసుకెళ్లారు. మీరు ఇక్కడ ఎంత సాధన చేసినా దానివల్ల కాళ్లకు, ఊపిరికి బలం వస్తుంది, ఎత్తుకు అలవాటు మాత్రం అక్కడే జరగాలి. ఈ రెంటినీ వేరువేరుగా చూడండి.

డాక్టర్ సంగతి. నెల రోజుల ముందే మీ బీపీ చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లి, "5,200 మీటర్ల ఎత్తుకు వెళ్తున్నాను" అని అంకెతో సహా చెప్పండి, ఊరికే లదాఖ్ టూర్ అంటే ఆయన కారు ప్రయాణం అనుకుంటారు. ఎత్తులో బీపీ కొంత పెరగడం మామూలే, అక్కడ పెరిగితే ఏం చేయాలో, మీ మాత్రల్లో ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే మందు ఏమైనా ఉందో అడగండి. ఈసీజీ తీయమంటే తీయించుకోండి. డయామాక్స్ అనే మాత్ర గురించి కూడా అడగండి, అసలు పేరు అసిటజోలమైడ్, ఎత్తుకు ఒళ్లు త్వరగా అలవాటు పడటానికి ఇస్తారు, మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, పైకి వెళ్లే ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడని వాళ్లకు పడకపోవచ్చు, బీపీ మాత్రతో కలిపి వేసుకోవచ్చో లేదో మీ డాక్టరే చెప్పాలి, ట్రెక్‌లో పక్కవాళ్లు ఇస్తే వేసుకోవద్దు. దీనివల్ల వేళ్లు తిమ్మిరిగా చిమచిమలాడతాయి, మూత్రానికి ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది, కంగారుపడకండి. నొప్పి మాత్రల్లో ఐబుప్రొఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి, కాబట్టి ఏది వాడాలో అదీ రాయించుకోండి. నిద్రమాత్రలు, మద్యం రెండూ అక్కడ వద్దు.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి, ఒకచోట ఆగితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. కానీ రెండు గుర్తులు మీరూ మీ అమ్మాయీ ఒకరిలో ఒకరు కనిపెట్టాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం రావడం, దగ్గు, పడుకుంటే ఊపిరాడకపోవడం, అది ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న గుర్తు. రెండోది మెదడుకు వాపు: మాట తడబడటం, పరధ్యానం, తాగినవాళ్లలా తూలడం. అనుమానం వస్తే నేల మీద గీత గీసి, ఒక మడమకు రెండో కాలి బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమనండి. నడవలేకపోతే అర్ధరాత్రైనా సరే, తెల్లారేదాకా ఆగకుండా కిందికి దించాలి. ఆక్సిజన్, మందులు దారిలో సాయం, అసలు వైద్యం దిగడమే. అందుకే గైడ్‌ని ముందే అడగాల్సినవి కొన్నున్నాయి. ఆక్సిజన్ సిలిండర్ మోసుకొస్తారా? ఒకరు దిగాల్సి వస్తే వాళ్లతో ఎవరు దిగుతారు, మిగిలినవాళ్లతో ఎవరుంటారు? చిల్లింగ్ నుంచి లోయలోకి జీపు రోడ్డు ఈమధ్య ఏళ్లలో లోపలికి పెరుగుతూ వచ్చింది, మీరు వెళ్లే నాటికి ఏ ఊరి దాకా బండి వస్తుంది? దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే గైడ్ అయితే నిశ్చింతగా వెళ్లండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కూడా ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుందో చదవండి, కొన్ని పాలసీలు ఒక ఎత్తు దాటితే పైసా ఇవ్వవు.

ఇక కాళ్లు. మీ ఊళ్లోనే ఖిల్లా ఉంది, అంతకంటే ఏం కావాలి! వారానికి నాలుగు రోజులు పొద్దున్నే ఎక్కండి, ఎక్కినంత దిగండి కూడా. తిరుమల మెట్లు మనం నడిచి ఎక్కి బస్సులో దిగుతాం, అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కిన మోకాళ్లకు కూడా దిగడం అలవాటు ఉండదు. కాంగ్మారు లా అవతల ఒకే రోజులో వెయ్యి మీటర్లకు పైగా దిగాలి, అది కూడా రాళ్లలో, చాలాసార్లు ఏటి నీళ్లు దాటుతూ. నాకు ఎక్కిన రోజు కంటే దిగిన రోజే మోకాళ్లు మొరాయించాయి. మూడో వారం నుంచి వీపున బ్యాగులో నాలుగైదు కిలోల బియ్యం వేసుకుని నడవండి. ఆదివారాలు నాలుగైదు గంటలు ఆగకుండా నడవండి, వేగం అక్కర్లేదు, పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగేంత నెమ్మది చాలు. ట్రెక్‌లో కూడా అదే నడక. బూట్లు ఇప్పుడే కొనండి, వేళ్ల ముందు కాస్త ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. కొత్త బూట్లతో లేహ్‌లో దిగినవాళ్ల మడమలు రెండో రోజుకే బొబ్బలెక్కుతాయి. రెండు చేతి కర్రలు తీసుకోండి, అవి మోకాళ్లకు పెద్ద సాయం.

బట్టల గురించి మీరు అడగలేదు కానీ ఒక్క మాట. చీరతో నడవడం అక్కడ కుదరదు, పంజాబీ డ్రెస్ అయితే వదులు పైజామాతో, దుపట్టా లేకుండా సరిపోతుంది, కానీ నూలు బట్ట చెమటకు తడిస్తే త్వరగా ఆరదు, చలికి వణికిస్తుంది. ఒంటికి ఆనుకునే థర్మల్, దాని మీద ఉన్ని, పైన గాలీ వానా ఆపే జాకెట్, ఈ మూడూ ఉంటే చాలు. మిగతా సామాను గాడిదలో గుర్రాలో మోస్తాయి, మీ వీపున నీళ్లు, జాకెట్, టోపీ, కాసిని పల్లీలు, మందులు మాత్రమే. నల్ల కళ్లద్దాలు, ముఖానికీ పెదాలకూ రాసుకునేవి మర్చిపోవద్దు, అక్కడి ఎండ చల్లగా అనిపిస్తూనే తోలు ఊడదీస్తుంది. నుదుటికి కట్టుకునే టార్చ్ తప్పనిసరి, ఎందుకో కింద చెబుతాను. ఏళ్లు దాటడానికి వెనక పట్టీ ఉన్న చెప్పులు.

ఇప్పుడు ఇళ్ల సంగతి, మీరు ఎక్కువ భయపడుతున్నదీ, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే.

మీరు ఎవరి ఇంటికీ బరువు కాదు. మార్ఖా లోయ ఉన్నది హెమిస్ నేషనల్ పార్కులో, 1981 నుంచి అది రక్షిత ప్రాంతం, మంచు చిరుతలకు పేరు. చిరుతలు రాత్రుళ్లు దొడ్లలో దూరి గొర్రెలనూ మేకలనూ చంపుతాయి, ఒక్క రాత్రిలో ఒక కుటుంబం ఏడాది సంపాదన పోవచ్చు. 2000ల మొదట్లో ఒక ఆలోచన వచ్చింది, చిరుత ఉండే కొండలు చూడటానికి వచ్చే మనుషులు ఈ ఇళ్లలోనే ఉంటే, ఆ డబ్బుతో చిరుతను చంపాల్సిన అవసరం తగ్గుతుందని. అలా మొదలైనవే ఈ హోమ్‌స్టేలు. చాలా ఊళ్లలో ఇళ్లు వంతుల వారీగా అతిథులను తీసుకుంటాయి, అందుకని "ఆ ఇల్లు బాగుంది, అక్కడే ఉంటాం" అని పట్టుబట్టకండి, ఇవాళ వంతు ఎవరిదైతే వాళ్లింటికే. రేటులో రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, మధ్యాహ్నానికి కట్టిచ్చే తిండి కలిసే ఉంటాయి. ఆ డబ్బు ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల చేతికే వెళ్తుంది. మీ కంపెనీ కట్టిన డబ్బులో ఇంటివాళ్లకు ఎంత చేరుతుందో అడగండి, అడగడం తప్పు కాదు.

మాట కలపడానికి ఒక్క పదం చాలు: జూలే. నమస్కారమైనా, థాంక్సైనా, వెళ్లొస్తామన్నా అదే మాట. పెద్దావిడను అబీ-లే అనండి, అంటే అమ్మమ్మ గారూ అని, ఇంటి తల్లిని అమా-లే అనండి. ఆ "లే" మన "గారు" లాంటిదే. పేర్లు పెట్టి పిలవడం కంటే వరస పెట్టి పిలిస్తే ముఖాలు విప్పారడం మన ఊళ్లలో ఎలాగో అక్కడా అంతే.

ఇల్లంటే వంటగదే. మధ్యలో పెద్ద పొయ్యి, వెనక అరల నిండా తోమి మెరిసే రాగి, ఇత్తడి గిన్నెలు, గోడ వెంబడి తివాచీలు, ముందు పొట్టి బల్లలు. బూట్లు బయట విడిచి లోపలికి రండి. పొయ్యి వాళ్లకు పవిత్రం, అందులో కాగితాలూ చెత్తా వేయొద్దు, దానివైపు కాళ్లు చాపొద్దు. పొయ్యికి దగ్గరి చోటు పెద్దవాళ్లది, వాళ్లు చూపించిన చోట కూర్చోండి. తిండి మీంచి, గిన్నెల మీంచి దాటొద్దు. ఇవన్నీ మనకు చిన్నప్పుడే అమ్మలు చెప్పినవేగా, మీకు కొత్తగా అనిపించవు. టీ కప్పు ఖాళీ చేస్తే మళ్లీ నింపుతారు, చాలనుకుంటే కప్పు నిండుగానే వదిలేయండి. వెన్న, ఉప్పు వేసి చిలికే వాళ్ల టీ మొదటి గుక్కకు వింతగా ఉంటుంది, టీ అనుకోకుండా చారు అనుకుని తాగితే రెండో రోజుకి నచ్చుతుంది.

మాంసం తినరని ముందే చెప్పించండి, ఇబ్బంది ఉండదు. అన్నం, పప్పు, బంగాళాదుంప, పెరట్లోని ఆకుకూరలు, చపాతీ రోజూ ఉంటాయి. గోధుమపిండిని బొటనవేలితో నొక్కి చిన్న బిళ్లలు చేసి కూరగాయలతో ఉడికించే స్క్యూ అనే వంటకం చాలా బాగుంటుంది, కాకపోతే మాంసం వేసి చేసేదీ ఉంటుంది కాబట్టి అడిగి తినండి. ఆ ఎత్తులో నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, పప్పు ఉడకడానికి టైము పడుతుంది, భోజనం ఆలస్యమైతే ఓపిక పట్టండి. పైగా ఆగస్టు చివర అంటే బార్లీ కోతల రోజులు, ఇంటిల్లిపాదీ పొలంలో ఉండి చీకటి పడ్డాక వస్తారు. వేయించిన బార్లీ పిండి, త్సంపా అంటారు, పెడితే తప్పకుండా తినండి. సద్దుల బతుకమ్మకు మనం చేసుకునే సత్తుపిండి గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. నేను మా ఇంటి నుంచి తీసుకెళ్లిన సత్తుపిండి ముద్ద ఆ ఇంటి అబీ-లే చేతిలో పెడితే, ఆవిడ వాసన చూసి, నోట్లో వేసుకుని, తన త్సంపా డబ్బా తెచ్చి నా పక్కన పెట్టింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు.

ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, తినకపోతే నడవలేరు. అందుకని కందిపొడి, కరివేపాకు పొడి, చిన్న సీసాలో ఆవకాయ తీసుకెళ్లండి, ముందు ఇంటివాళ్లకు వడ్డించి తర్వాత మీరు వేసుకోండి. కానీ వాళ్ల వంటగదిలో నిలబడి "పోపు ఇలా పెట్టాలి" అని మాత్రం వద్దు, రోజంతా కోత కోసి వచ్చి వండుతున్నారు. కూరగాయలు తరుగుతానంటే సంతోషంగా ఇస్తారు. పిల్లలకు చాక్లెట్లు పంచొద్దు, అలవాటు చేస్తే వచ్చే ప్రతివాళ్లనూ చేయి చాపి అడుగుతారు. ఫొటో తీసే ముందు అడగండి.

బాత్రూమ్ గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. చిన్న మట్టి గది, నేలలో ఒక కంత, పక్కన మట్టి కుప్ప, పార. పని అయ్యాక రెండు పారల మట్టి వేయాలి, నీళ్లు పోయకూడదు. పొడిగా ఉంటేనే అది ఎరువవుతుంది, అది తర్వాత పొలానికి వెళ్తుంది. వాసన మీరు అనుకున్నంత ఉండదు, గాలి అంత పొడిగా ఉంటుంది. అందులో ప్లాస్టిక్, తడి కాగితాలు, ప్యాడ్‌లు వేయొద్దు, అవి వాళ్ల పొలంలో తేలతాయి. గట్టి కవర్లు తీసుకెళ్లి వాడినవన్నీ లేహ్‌కి తెచ్చుకోండి, అమ్మాయికి కూడా ఇది చెప్పండి, ఎత్తులో నెలసరి తేదీలు అటూ ఇటూ అవుతుంటాయి కాబట్టి సమయం కాకపోయినా సిద్ధంగా ఉండాలి. రాత్రి లేవాల్సి వస్తుందని చెప్పానుగా, మెట్లు నిటారుగా ఉంటాయి, చీకటి, అందుకే ఆ నుదుటి టార్చ్. స్నానం గురించి, రోజూ తలంటుకునే అలవాటున్న వాళ్లకు కష్టమే, కానీ చన్నీళ్ల స్నానం ఆ ఎత్తులో ఒంటికి మంచిది కాదు. అడిగితే ఒక చెంబు వేడినీళ్లు ఇస్తారు, తువ్వాలు తడిపి ఒళ్లు తుడుచుకోండి. వేడినీళ్లంటే కట్టెలో, పిడకలో, మోసుకొచ్చిన గ్యాసో ఖర్చు, బకెట్లు అడగొద్దు. మూడో రోజుకి మీరు ఆ సంగతే మర్చిపోతారు.

పక్కలు తివాచీల మీద పరిచి బరువైన రజాయిలు ఇస్తారు. మీ సొంత పలుచటి దుప్పటి సంచిలా కుట్టించుకుని తీసుకెళ్తే శుభ్రం గురించి దిగులుండదు. నిమాలింగ్‌లో మాత్రం టెంటే, ఎండాకాలంలోనూ రాత్రి సున్నా కిందికి పోవచ్చు, కంపెనీ ఇచ్చే స్లీపింగ్ బ్యాగ్ ఎన్ని డిగ్రీల చలికి పనికొస్తుందో అడగండి. నీళ్ల సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సు తొడిగి, కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకోండి.

లదాఖ్‌లో వానలు తక్కువని మరీ నిశ్చింతగా ఉండొద్దు. 2010 ఆగస్టులో లేహ్ మీద ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి వందల మంది పోయారు. వాన పడితే ఏటి ఒడ్డున టెంట్ వేయనివ్వకండి. ఎండ పెరిగేకొద్దీ పైన మంచు కరిగి సాయంత్రానికి ఏరు లోతవుతుంది, కాబట్టి దాటే పని పొద్దున్నే పెట్టుకోవాలి, గైడ్ చెయ్యి పట్టుకుని, మొహమాటం లేకుండా. కనుమకు కూడా తెల్లవారుజామునే బయలుదేరతారు, మధ్యాహ్నం గాలి లేస్తుంది.

చిన్న విషయాలు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లదాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి, లోయలో అది కూడా చాలాచోట్ల పలకదు, ఇంట్లోవాళ్లకు "ఇన్ని రోజులు ఫోన్ రాదు" అని చెప్పి వెళ్లండి. లేహ్ దాటితే ఈ దారిలో ఏటీఎం లేదు, చిల్లర నోట్లు తీసుకెళ్లండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కొనొద్దు, కాచిన నీళ్లు ఇళ్లలో నింపిస్తారు. ఆధార్ కాపీలు నాలుగు. బీపీ చూసుకునే చిన్న మెషిన్. మాత్రలు రెండు చోట్ల సగం సగం, ఒక బ్యాగు ఆలస్యమైనా ఇంకోటి ఉంటుంది. లేహ్ విమానాలు వాతావరణం బాగోకపోతే రద్దవుతాయి, తిరుగు ప్రయాణానికీ ఆఫీసులో చేరాల్సిన రోజుకూ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచండి.

కంపెనీ మార్చిన ప్లాన్ చేతికి వచ్చాక నాకు పంపండి. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నారో చూసి, ఏదైనా సర్దాలంటే చెబుతాను. ఈలోగా రేపు పొద్దున్న ఖిల్లా ఎక్కండి, దిగండి కూడా.